దండు ఖర్చు, రైతు పొలము

సికింద్రాబాద్ చరిత్రను మనము సాధారణంగా 1806లో నిజాం సికిందర్ జా పేరున వెలసిన దండు చరిత్రగా చదువుకొంటాము. అయితే ఆ దండు ఖర్చు ఎవరు భరించారు? ఈ ప్రశ్ననే మేము ఇక్కడ పరిశీలింపదలచాము.

1798 ఒప్పందముతో కంపెనీ సైన్యమును పోషించే భారము నిజాంపై పడింది. 1800లో ఆ ఖర్చు క్రింద బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలు కంపెనీ వశమయ్యాయి. అవే దత్తమండలాలు. తరువాత బొల్లారం కేంద్రముగా గల హైదరాబాద్ కంటింజెంట్ అనే వేరొక సైన్యపు బాకీలు పెరిగాయి. ఆ బాకీ చూపి 1853లో డల్హౌసీ బేరారును కంపెనీ పాలన క్రిందికి తెచ్చాడు.

బేరారు నల్లరేగడి ప్రత్తికి పేరు పొందినది. అప్పట్లో ఇంగ్లాండు మిల్లులకు ప్రత్తి ఎక్కువగా అమెరికా దక్షిణ రాష్ట్రాల నుండి, బానిసల శ్రమ ఫలముగా వచ్చేది. 1861–65 అంతర్యుద్ధముతో ఆ సరఫరా తగ్గగా మిల్లుల చూపు బేరారుపై పడింది. ధరలు పెరిగాయి, రైలు వచ్చింది. కాని 1899–1900 కరువులో అక్కడి బీదలు ఆకలితో అలమటించారు. 1902లో ఏటా 25 లక్షల రూపాయల కౌలుకు బేరారు శాశ్వతముగా బ్రిటిషువారి చేతికి పోయింది.

అమెరికా బానిస, బేరారు రైతు ఒకే స్థితిలో లేరు. అయినను రెండు చోట్లా సేద్యము చేసినవారిని అడగకుండానే వర్తకము, ప్రభుత్వము తమ లెక్కలు చూచుకొన్నాయి. కంటోన్మెంటులోని పాత దేవాలయాల గోడలను విద్యార్థులకు చూపునప్పుడు, ఏ ఫలకము మీదా పేరు లేని ఆ రైతును కూడా జ్ఞాపకము చేయుట మన బాధ్యత.