టూల్ బాక్స్ కొంటున్నారా? సైజు చూసి తొందరపడొద్దు.. గొళ్లెం, పిడి, బందులు చూశాకే డబ్బులివ్వండి!

గోడకు ఒక మేకు కొట్టాలి. సుత్తి వంటగదిలో ఉంటుంది, మేకులు టీవీ స్టాండ్ కింద, టేపు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. చాలా ఇళ్లలో ఇదే సీన్. ఐదు నిమిషాల పనికి అరగంట వెతుకులాట. దొరక్కపోతే ఉన్న టెస్టర్‌నే మళ్లీ కొనడం!

అసలు నష్టం వెతుకులాటతో ఆగదు. చెల్లాచెదురుగా పడి ఉన్న పనిముట్లు ఒక్క వానాకాలంలోనే తుప్పు పట్టేస్తాయి. కటింగ్ ప్లయర్ బిగుసుకుపోతుంది. పదునైన బ్లేడు పిల్లల చేతికి అందుతుంది. అందుకే ఇంటికి ఒక మంచి టూల్ బాక్స్ అవసరం. తక్కువ ధరలో ఎక్కువ కాలం మన్నేది ఎలా ఎంచుకోవాలో చూద్దాం.

ముందు పనిముట్లు.. తర్వాతే పెట్టె

చాలామంది ముందు పెద్ద పెట్టె కొనేసి, తర్వాత దాన్ని నింపుతారు. సగం ఖాళీగా ఉంటే పనిముట్లు లోపల దొర్లి ఒకదానికొకటి తగులుతాయి. నిండా నింపితే ఎత్తడం కష్టం.

కొనే ముందు ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ ఒక పాత దుప్పటి మీద పరచండి. వాటిలో అన్నిటికంటే పొడవైనది ఏదో టేపుతో కొలవండి. మార్కెట్లో ప్లాస్టిక్ పెట్టెలు ఎక్కువగా 13, 16, 19 అంగుళాల సైజుల్లో ఉంటాయి. అది బయటి కొలత. లోపలి జాగా అంతకంటే తక్కువే. 12 అంగుళాల బ్లేడు వేసే హ్యాక్సా ఫ్రేము పిడితో కలిపి 15 అంగుళాలు దాటిపోతుంది. కాబట్టి హ్యాక్సా ఉన్నవాళ్లు 19 అంగుళాల పెట్టె చూసుకోవడమే మేలు. చెక్క కోసే పెద్ద రంపం అందులోనూ పట్టదు. దాన్ని గోడకు తగిలించేయండి.

బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. మామూలు సుత్తి దాదాపు అర కిలో ఉంటుంది. 13 ఎంఎం ఇంపాక్ట్ డ్రిల్ మిషన్ ఒక్కటే 2 కిలోల దాకా తూగుతుంది. పానాలు, పైపు రెంచి కలిస్తే మొత్తం బరువు 8 కిలోలకు తేలిగ్గా చేరుతుంది. ఒంటి చేత్తో మోయలేని పెట్టె చివరికి అటక ఎక్కడం ఖాయం.

ప్లాస్టిక్కా.. ఇనుమా.. బ్యాగా?

ప్లాస్టిక్ పెట్టె: తేలిక, చవక, తుప్పు పట్టదు. అపార్ట్‌మెంట్లకు, విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీర ఊళ్లకు ఇదే సుఖం. ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. పెట్టె అడుగున త్రికోణం గుర్తులో 5 అంకె ఉంటే అదే. దీనికి శత్రువు ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పెళుసుబారి పగులుతుంది. బాల్కనీలో ఎండ పడే చోట పెడితే ఎంత మంచి పెట్టె అయినా పాడవుతుంది.

ఇనప పెట్టె: మెకానిక్ షెడ్లలో కనిపించే, రెండు వైపులా మెట్లలా తెరుచుకునే పెట్టె ఇదే. మూడు అరలు, ఐదు అరల రకాలు దొరుకుతాయి. తెరవగానే సామాను మొత్తం కంటికి కనిపిస్తుంది. బరువుకు తట్టుకుంటుంది, తాళం కప్ప వేసుకోవచ్చు. అయితే ఖాళీ పెట్టే బరువుగా ఉంటుంది. రంగు లేచిన చోటల్లా తుప్పు మొదలవుతుంది. రేకు మందం అడిగేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. గేజ్ నంబర్ పెరిగే కొద్దీ మందం తగ్గుతుంది. 20 గేజ్ రేకు దాదాపు 0.9 మిల్లీమీటర్లు. 24 గేజ్ అర మిల్లీమీటరు కంటే కొంచెమే ఎక్కువ. "24 గేజ్ సార్, ఇంకా గట్టిది" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

గుడ్డ బ్యాగు: అద్దె ఇళ్లలో ఉండి తరచూ మారేవాళ్లకు, బైక్ మీద తీసుకెళ్లేవాళ్లకు అనుకూలం. పాలిస్టర్ బ్యాగుల మీద 600డి, 1680డి అని రాస్తారు. అది దారం మందానికి గుర్తు. పెద్ద నంబరున్న గుడ్డ ఎక్కువ రాపిడిని తట్టుకుంటుంది. అడుగున రబ్బరు లేదా గట్టి ప్లాస్టిక్ ఉన్నదే తీసుకోండి. తడి నేల మీద పెడితే మామూలు గుడ్డ చెమ్మను పీల్చేస్తుంది.

షాపులోనే చేయాల్సిన 5 పరీక్షలు

పెట్టె నడి భాగం విరగడం అరుదు. ముందు పోయేవి గొళ్లెం, బందు, పిడి. మీరిచ్చే డబ్బులు వాటి గట్టిదనానికి వెళ్తున్నాయో లేదో చూసుకోవాలి.

1. గొళ్లెం పదిసార్లు తీసి వేయండి. చివర్లో కూడా మొదట్లో ఉన్నంత బిగువు ఉండాలి. ప్లాస్టిక్ పెట్టె అయినా గొళ్లెం ఇనుముదైతే మన్నిక ఎక్కువ.

2. షాపులోని సుత్తులు, పానాలు కొన్ని వేసి పిడి పట్టుకుని ఎత్తండి. పిడి వంగినా, మూత కీళ్ల దగ్గర సందు కనిపించినా వద్దు.

3. మూతను పూర్తిగా తెరిచి బందులోకి చూడండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇనప చువ్వ ఉంటే మంచిది. పల్చటి ప్లాస్టిక్ మడతే బందుగా ఉంటే, తరచూ వాడితే అక్కడే తెగుతుంది.

4. ఇనప పెట్టె అయితే లోపలి అంచుల వెంట జాగ్రత్తగా వేలు పెట్టి చూడండి. గరుకుగా, పదునుగా ఉంటే చేయి కోసుకుంటుంది. మడిచిన అంచులే సురక్షితం.

5. పైన ఉండే ట్రే తీసి చూడండి. స్క్రూలు, రాయల్ ప్లగ్గులు, టెఫ్లాన్ టేపు లాంటి చిన్న సామానుకు అరలు ఉండాలి.

ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ఫొటోలో పెట్టె ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. లోపలి కొలతలు, ఖాళీ పెట్టె బరువు, గొళ్లెం ఏ మెటీరియల్‌ది అన్నవి చదవండి. కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలు చూడండి. వాపసు గడువులోపే సామాను నింపి ఎత్తి చూడండి.

ఎంత బడ్జెట్‌లో ఏది?

ధరలు ఊరిని, షాపును బట్టి మారతాయి. అయినా ఒక అంచనా ఉంటే బేరం సులువు.

పైసా ఖర్చు లేకుండా: ఇంటికి రంగులు వేయించాక మిగిలిన 20 లీటర్ల బకెట్ కడిగి ఆరబెట్టండి. పిడి, మూత రెండూ ఉంటాయి. హార్లిక్స్, పచ్చడి సీసాల్లాంటి వాటిలో స్క్రూలు సైజుల వారీగా వేస్తే బయటి నుంచే కనిపిస్తాయి.

వెయ్యి రూపాయల లోపు: సుత్తి, ప్లయర్, స్క్రూడ్రైవర్లు, టెస్టర్, టేపు వరకే అయితే 13 లేదా 16 అంగుళాల ప్లాస్టిక్ పెట్టె సరిపోతుంది.

వెయ్యి నుంచి రెండున్నర వేల వరకు: డ్రిల్ మిషన్, పైపు రెంచి, పానాల సెట్టు ఉన్నవాళ్లు ఇనప అరల పెట్టె వైపు వెళ్లొచ్చు. సామాను ఇంకా ఎక్కువైతే పాతకాలం ట్రంకు పెట్టెను కూడా తీసిపారేయొద్దు. జింకు పూత రేకుతో చేసినదైతే త్వరగా తుప్పు పట్టదు.

ఒకదానిపై ఒకటి బిగించే చక్రాల పెట్టెలు చూడ్డానికి బాగుంటాయి. రోజూ సైట్‌కి వెళ్లే ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు అవి పనికొస్తాయి. నెలకోసారి పెట్టె తెరిచే ఇంటికి అంత ఖర్చు అక్కర్లేదు. ఆ తేడాతో ఒక మంచి పానాల సెట్టు వస్తుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు రాణిగంజ్, ట్రూప్ బజార్ హార్డ్‌వేర్ షాపుల్లో రకరకాల పెట్టెలు ఒకేచోట చేత్తో పట్టి చూసే వీలుంటుంది.

బాత్రూమ్ యాసిడ్ పక్కన అస్సలు పెట్టొద్దు

మన ఇళ్లలో టూల్స్‌కు దొరికే చోటు సాధారణంగా వాష్ ఏరియా. బాత్రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఉండేదీ అక్కడే. మూత బిగించినా యాసిడ్ సీసా నుంచి కొద్దికొద్దిగా ఆవిరి వస్తుంది. ఆ ఆవిరికి కొత్త పానాలు కూడా తుప్పెక్కుతాయి. మంచి పెట్టె కొన్నా తుప్పు ఆగట్లేదంటే ముందు పక్కన ఏముందో చూడండి. టిన్నర్, పైపులు అతికించే సొల్యూషన్ లాంటివి కూడా పెట్టెలో వద్దు. అవి తేలిగ్గా మండుతాయి.

పెట్టెను నేల మీద కాకుండా అలమరా మధ్య అరలో, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ ప్రాంతంలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. లోతట్టు ప్రాంతాల్లో, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లు డ్రిల్ మిషన్‌ను ఇంకా పైనే ఉంచాలి.

బ్యాటరీ డ్రిల్ ఉంటే మరో జాగ్రత్త. బ్యాటరీని విడి మేకులు, స్క్రూల మధ్య పడేయొద్దు. దాని రెండు కొనలకూ ఇనుము తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది, నిప్పు కూడా రావచ్చు. విడిగా దాని డబ్బాలోనే పెట్టండి. ఎండలో నిలిపిన కారులో వదలొద్దు.

తుప్పు రాకుండా ఇలా చేయండి

పని అయ్యాక పనిముట్లను పొడి గుడ్డతో తుడిచి పెట్టండి. తడితో వేసి మూత బిగిస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది. కీళ్ల దగ్గర రెండు చుక్కల కుట్టు మిషన్ నూనె చాలు. కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా పెట్టెలో వేయండి. అవి చెమ్మను పీల్చుకుంటాయి, కానీ పిల్లల చేతికి అందకూడదు.

దసరాకు ఆయుధ పూజ కోసం చాలా ఇళ్లలో పనిముట్లు బయటికి తీస్తారు. అప్పటికి వానాకాలం చివరికొచ్చి ఉంటుంది కాబట్టి తుప్పు చూసుకోవడానికి అదే సరైన సమయం. బొట్టు పెట్టే ముందే అన్నీ తుడిచి, నూనె రాసి, పెట్టె గొళ్లెం, బందులు సరిచూసుకోండి. పూజ అయ్యాక కుంకుమ, నీటి తడి తుడిచేసి లోపల సర్దేయండి.