సవాయి రోగం (సిఫిలిస్)

సవాయికి కారణం ట్రెపోనిమా పాలిడమ్ అనే మరమేకులాంటి సన్నని బ్యాక్టీరియా. మామూలు సూక్ష్మదర్శినికి ఇది ఆనదు. డార్క్‌ఫీల్డ్ పద్ధతిలో, నల్లటి నేపథ్యం మీద మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. అదే ఏడాది కొలంబోలో కాస్టెల్లానీ అనే వైద్యుడికి యాస్ అనే మరో రోగపు పుండ్లలోనూ అచ్చం ఇలాంటి క్రిమే దొరికింది. గోదావరి గట్ల మీది పినపాక, భద్రాచలం అడవుల వైపు సవాయి గురించి చెప్పాలంటే యాస్‌ను వదిలిపెట్టలేం.

సవాయి లైంగిక సంపర్కం వల్ల అంటుతుంది, తల్లి నుంచి కడుపులోని బిడ్డకూ సోకుతుంది. అంటిన సుమారు మూడు వారాలకు జననాంగం మీద గట్టి అంచుతో ఒక పుండు లేస్తుంది. నొప్పి ఉండదు. మందు వేయకపోయినా 3–6 వారాల్లో మానిపోతుంది. మోసమంతా ఇక్కడే ఉంది: పేరు పసరుకో మొక్కుకో దక్కుతుంది, క్రిమి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు, జ్వరం, గజ్జల్లో బిళ్లలు. అవీ తగ్గాక ఏళ్ల తరబడి ఏ జాడా ఉండదు. వైద్యం అందని కొందరికి 10–30 ఏళ్ల తర్వాత బృహద్ధమని, మెదడు, ఎముకలు దెబ్బతింటాయి.

16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం ‘భావప్రకాశం’ దీన్ని ఫిరంగ రోగమని వర్ణించి పాదరసపు మందులు, పరంగిచెక్క చెప్పింది. పాదరసం రోగంతోపాటు రోగినీ పీల్చి పిప్పిచేసేది. 1910లో సాల్వార్సాన్ అనే మందు వచ్చింది. 1943లో పెన్సిలిన్ పనితనం రుజువయ్యాక పాత మందులన్నీ మూలపడ్డాయి.

యాస్ దారి వేరు. ఎక్కువగా 15 ఏళ్లలోపు పిల్లలకు, చర్మానికి చర్మం తగిలితే వస్తుంది. కాళ్ల మీద గరుకుగా ఉబ్బిన పుండ్లు, ముదిరితే ఎముకల వాపు. గోదావరికి ఇటు పినపాక నిజాం రాజ్యంలో, అటు భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో ఏటి రెండు గట్ల గిరిజన గూడేల్లోనూ ఇది ఉండేది. 1940ల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ దీన్ని గమనించాడు. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సాయంతో దేశంలో పెన్సిలిన్ సూదుల కార్యక్రమం మొదలైంది.

చిక్కల్లా రక్తపరీక్షతోనే. వి.డి.ఆర్.ఎల్., టి.పి.హెచ్.ఎ. పరీక్షలు రెండు రోగాలకూ ఒకే జవాబిస్తాయి. టి.పి.హెచ్.ఎ. అయితే రోగం నయమైనా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే నిలుస్తుంది. చిన్నప్పుడు యాస్ వచ్చిపోయిన కోయ స్త్రీ గర్భిణిగా రక్తమిస్తే చీటీ మీద సవాయి అని పడవచ్చు. ఆ ఒక్క ముక్క కాపురంలో నిప్పు పెట్టగలదు. రోగి బాల్యం అడగకుండా చీటీ ఒక్కటే చదవడం సగం వైద్యమే.

ప్రభుత్వ సురక్షా క్లినిక్‌లలో జననాంగపు పుండ్లకు ఇచ్చే తెల్ల కిట్‌లో 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్, అజిత్రోమైసిన్ ఉంటాయి. తొలిదశ సవాయికి ఆ ఒక్క మోతాదు పెన్సిలిన్ చాలు. భాగస్వామికీ వైద్యం చేయాలి. దేశంలో చివరి యాస్ కేసు 2003లో నమోదైంది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను యాస్ రహిత దేశంగా ప్రకటించింది. పాత సందేహం ఇప్పుడు 2003కి ముందు పుట్టినవారి చీటీలకే వర్తిస్తుంది. 2003 తర్వాత పుట్టినవారి ఫలితాన్ని యాస్ మీదికి నెట్టడానికి వీల్లేదు.