చుక్క కింద తోక: సెమీకోలన్ పుట్టుపూర్వోత్తరాలు

ఆంగ్లంలో చుక్క కింద కామా తగిలించినట్టుండే సెమీకోలన్‌ను తెలుగు వ్యాకరణాలు అర్ధవిరామం అన్నాయి. ఆ పేరు దాని పుట్టుకకు తగినదే, ఎందుకంటే విరామ చిహ్నాలు మొదట వ్యాకరణం కోసం కాక, పైకి చదివేవారు ఎక్కడ ఎంతసేపు ఆగాలో తెలపడానికి ఏర్పడినవి. పదాల మధ్య ఖాళీ లేకుండా రాసిన గ్రీకు ప్రతులను చదవడానికి వీలుగా, క్రీస్తుపూర్వం 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాధికారి, బైజాంటియం వాసి అరిస్టోఫెనీస్ (ఇతడు నాటకకర్త కాడు) పంక్తిలో మూడు ఎత్తుల్లో చుక్కలు పెట్టే పద్ధతి ప్రవేశపెట్టాడు. కామా, కోలన్ అనే పేర్లు అప్పటికి చుక్కలవి కావు, వాక్యఖండాలవి. గ్రీకులో మొదటిదానికి తెగిన ముక్క అని, రెండవదానికి అవయవం అని అర్థం.

సెమీకోలన్ ఈనాటి ఆకారంలో అచ్చుకెక్కింది వెనిస్ నగరంలో. ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ 1496లో పియెత్రో బెంబో రచన ‘డె ఎట్నా’ను వెలువరించినప్పుడు, అక్షరాలు చెక్కిన ఫ్రాంచెస్కో గ్రిఫో కామాకూ కోలన్‌కూ నడుమ ఆగవలసిన చోటు కోసం ఈ గుర్తును కూడా పోతపోశాడు. ఎట్నా అగ్నిపర్వతాన్ని ఎక్కివచ్చిన ముచ్చట చెప్పే ఆ చిన్న లాటిన్ పుస్తకం అక్షరాల అందానికి ఎంత పేరు పొందిందో, ఈ చిహ్నానికీ అంతే పేరు పొందింది. గ్రీకులో మాత్రం ఇదే ఆకారం నేటికీ ప్రశ్నార్థకం.

ఇంగ్లండులో రాబర్ట్ లౌత్ 1762 నాటి తన వ్యాకరణంలో కామాకు రెట్టింపు సెమీకోలన్ అని, దానికి రెట్టింపు కోలన్ అని, దానికి రెట్టింపు పూర్ణవిరామమని సంగీతంలో కాలప్రమాణాలు చెప్పినట్టు లెక్కగట్టాడు. మౌనపఠనం పెరిగిన కొద్దీ ఈ కాలమానం వెనుకబడి, వాక్యనిర్మాణమే ప్రమాణంగా నిలిచింది. దాని ప్రకారం, కర్తా సమాపక క్రియా ఉండి తమంతట తాము నిలబడగల రెండు వాక్యాలను సముచ్చయ పదం లేకుండా కలిపేటప్పుడు నడుమ సెమీకోలన్ ఉండాలి. ‘ద రెయిన్ స్టాప్డ్, వుయ్ వెంట్ హోమ్’ అని కామాతో సరిపెట్టడాన్ని ఆంగ్ల వ్యాకరణవేత్తలు దోషంగా ఎంచుతారు. లోపల కామాలున్న అంశాల జాబితాను విడదీయడం దీని రెండవ పని.

తెలుగువారికి ఈ దోషం సులభంగా దొర్లడానికి కారణం తెలుగు వాక్యంలోనే ఉంది. ‘వాన వెలిసి, ఎండ కాసింది’ అన్నప్పుడు ‘వెలిసి’ అనే క్త్వార్థకం, అంటే వాక్యాన్ని ముగించక తరువాతి క్రియకు అప్పగించే అసమాపక క్రియ, రెండింటినీ తానే కలుపుతుంది గనుక అక్కడ కామా చాలు, ఒక్కొక్కప్పుడు అదీ అక్కరలేదు. ఆంగ్లానికి ఆ ‘ఇ’కారం లేదు, ఆ లోటులో కొంత భాగాన్ని సెమీకోలన్ మోస్తుంది.

వాక్యాన్ని విడదీయడమే దీని పని గనుక న్యాయశాస్త్రంలో దీని బరువు ఎక్కువ. 1945 ఆగస్టు 8న లండన్‌లో కుదిరిన, నాజీ నాయకులను విచారించే న్యూరెంబర్గ్ ధర్మాసనపు నిబంధనావళిలోని 6(సి) అధికరణంలో పౌరులపై హత్యలు, దేశబహిష్కారం వంటి నేరాలకూ, జాతి మత రాజకీయ కారణాల వేధింపులకూ నడుమ ఆంగ్ల ప్రతిలో సెమీకోలన్ ఉండగా, రష్యన్ ప్రతిలో కామా ఉంది. సెమీకోలన్ ఉంటే, ధర్మాసనం పరిధిలోని మరో నేరంతో సంబంధం ఉండాలన్న షరతు వేధింపులకే వర్తిస్తుందని చెప్పవచ్చు. కామా ఉంటే అది హత్యలకూ వర్తిస్తుంది. రష్యన్ పాఠమే సరైనదని 1945 అక్టోబరు 6న బెర్లిన్‌లో నాలుగు మిత్రరాజ్యాలు ప్రత్యేక పత్రంపై సంతకం చేశాయి. రెండవ ప్రపంచయుద్ధం మొదలుకాకముందు జర్మనీలో జరిగిన దురాగతాలకు ఆ సంబంధం తగినంతగా రుజువు కాలేదని ధర్మాసనం 1946లో తీర్పు చెప్పింది.