గోదావరి డెల్టాలో శిఖరం లేని మందిరాలు

నర్సాపురం ప్రాంతపు పాత ప్రార్థనామందిరాలను 1924లో ప్రతిష్ఠితమైన మెదక్ చర్చి కొలమానంతో చూడడం సరికాదు. అక్కడిది 175 అడుగుల గోపురం, రంగుటద్దాల కిటికీలు. గోదావరి డెల్టా మిషన్ మార్గం వేరు.

1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని డెవన్ నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ బ్రదరన్ శాఖీయులు. ఆ శాఖలో అభిషిక్త గురువు లేడు. కాబట్టి గురువుకూ సంఘానికీ నడుమ హద్దు గీసే గర్భాలయం వంటి భాగమూ అక్కరలేదు. ఆదివారం రొట్టె విరిచే బల్ల చుట్టూ కూర్చోవడానికి ఒక్క గది చాలు. ఒండ్రునేలలో రాయి అరుదు, ఇటుకమట్టికి మాత్రం కొదవలేదు. (దవళేశ్వరం కొండరాయి 1847లో మొదలైన ఆనకట్టకు వెళ్లింది.) అయినా ఈ నిరాడంబరతకు మూలం సామగ్రి కొరతలో కన్నా సిద్ధాంతంలోనే ఉన్నదనాలి. పునర్నిర్మాణంలో అటువంటి గదికి శిఖరం, ఎత్తైన వేదిక చేర్చితే ఆ ఆరాధనా పద్ధతికి మిగిలిన భౌతికాధారం చెరిగిపోతుంది.