జాబితా ధరకు పైన: కంట్రోలు కాలంలో దాదాపు కొత్త వాహనాల మారుబేరం – కోనసీమ కోణం

ఉపోద్ఘాతం

వాడిన వస్తువు కొత్తదానికన్న చవుకగా దొరకడం లోకరీతి. స్వాతంత్ర్యానంతర భారతదేశంలో మోటారు కార్లు, స్కూటర్ల విషయంలో ఈ రీతి చాలాకాలం తలక్రిందులుగా నడిచింది. కంపెనీ ప్రకటించిన ధరకు కొత్త వాహనం దొరకదు. కొద్ది వందల కిలోమీటర్లు మాత్రమే తిరిగిన వాహనం దొరుకుతుంది, కాని ఆ ధరకు మించి చెల్లించాలి. ఈ అదనపు మొత్తాన్ని సాధారణంగా డీలర్ల, దళారుల దురాశకు ఉదాహరణగా చెప్పి వదిలివేయడం పరిపాటి. ఆ వివరణ తప్పు కాదు గాని చాలదు. దురాశ అన్ని కాలాలలోను ఉన్నదే. అధిక ధర మాత్రం కొన్ని కాలాలలోనే, కొన్ని వాహనాల మీదనే నిలిచింది. అక్కడ అమ్ముడుపోయింది వాహనం కాదు, వరుసలో ఒక స్థానం. ఆ స్థానం ఎవరికి ఉచితంగా దక్కింది, ఎవరు దానిని డబ్బిచ్చి కొనవలసివచ్చింది అన్న ప్రశ్నను అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'కంట్రోలు', 'బ్లాకు'

రెండవ ప్రపంచయుద్ధ కాలపు ధరల నియంత్రణ తెలుగుకు రెండు మాటలనిచ్చింది. 'కంట్రోలు' అంటే ప్రభుత్వం నిర్ణయించిన ధర. 'బ్లాకు' అంటే ఆ ధరకు వెలుపలి సంత. కంట్రోలు బియ్యం, కంట్రోలు గుడ్డ అన్న పలుకుబడులు కోస్తా పల్లెలలో యుద్ధం ముగిసిన తరువాత కూడ నిలిచాయి. కిరసనాయిలు, సిమెంటు, సినిమా టిక్కెట్టు, స్కూటరు అన్నీ ఈ రెండు మాటల పరిధిలోకే వచ్చాయి. భాష ఈ వస్తువులనన్నిటినీ ఒకే గాటకట్టడంలో ఒక ఆర్థిక వివేకం ఉన్నది. బియ్యం అవసరం, కారు విలాసం అన్న భేదం సామాన్య వ్యవహర్తకు తెలియనిది కాదు. అయినా ఆ రెండింటి అధిక ధర ఒకే విధంగా పుట్టిందని అతడు గుర్తించాడు.

కార్ల విషయంలో ఆ పుట్టుక స్పష్టమైనది. పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని ప్రభుత్వం 1949లో నిలిపివేసింది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుల దరిమిలా, విడిభాగాలు తెచ్చి కూర్చడమే తప్ప దేశంలో తయారీకి పూనుకోని జనరల్ మోటార్స్, ఫోర్డ్ సంస్థలు వైదొలగాయి. మిగిలినవి ప్రధానంగా మూడు: ఉత్తరపారాలో అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ఫియట్ తయారుచేసిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులో హెరాల్డ్ తయారుచేసిన స్టాండర్డ్ మోటార్. ఎన్ని వాహనాలు తయారుచేయవచ్చునో 1951 నాటి పరిశ్రమల చట్టం క్రింద ఇచ్చిన లైసెన్సు నిర్ణయించేది. గిరాకీ పెరిగినంత మాత్రాన ఉత్పత్తి పెరిగే వీలు లేదు. ధర పెంచడానికీ ప్రభుత్వ సమ్మతి కావాలి. సరఫరాను, ధరను రెండింటినీ కట్టివేసిన తరువాత గిరాకీ ఒత్తిడికి మిగిలిన మార్గం ఒక్కటే: నిరీక్షణ.

వరుసను కాపాడిన చట్టం, వరుసను అమ్మిన సంత

నిరీక్షణను క్రమబద్ధం చేయడానికి మోటారు కార్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు 1959లోను, స్కూటర్లకు అటువంటిదే 1960లోను వెలువడ్డాయి. డీలరు బుకింగుల రిజిస్టరు ఉంచాలి. వరుస ప్రకారమే వాహనమివ్వాలి. కొన్నవారు నిర్దిష్ట కాలం గడవక ముందు అనుమతి లేకుండా దానిని అమ్మరాదు. ప్రభుత్వ కేటాయింపులకు వేరుగా కోటా ఉండేది. ఈ ఉత్తర్వుల ఉద్దేశం మంచిదే. డబ్బున్నవాడు వరుసను దాటిపోకూడదన్నది దాని సారాంశం.

ఫలితం మరొక విధంగా వచ్చింది. జాబితా ధరకు, బహిరంగ ధరకు నడుమ అంతరం ఉన్నంతకాలం డీలరు రిజిస్టరులోని ప్రతి పేరూ ఒక ఆస్తి. వాహనం అవసరం లేనివారు సైతం పేరు వ్రాయించుకోవడం లాభసాటి. అలా వరుస మరింత పొడవై, అంతరం మరింత పెరిగింది. అమ్మకాన్ని నిషేధించిన నిబంధన అమ్మకాన్ని ఆపలేదు. దాని రూపాన్ని మాత్రం మార్చింది. రిజిస్ట్రేషను మొదటి యజమాని పేరునే ఉంటుంది, ఖాళీ బదిలీ పత్రాలపై అతని సంతకం ఉంటుంది, వాహనం మరొకరి పెరటిలో ఉంటుంది. గడువు తీరాక కాగితం వాహనాన్ని చేరుకొంటుంది. ఈ మధ్యకాలంలో ప్రమాదం జరిగినా, మొదటి యజమాని మరణించినా, మాట తప్పినా నష్టపోయేది డబ్బు చెల్లించినవాడే. చట్టవిరుద్ధమైన ఒప్పందాన్ని చూపి అతడు న్యాయస్థానాన్ని ఆశ్రయించలేడు. కనుక చెల్లించిన అదనపు మొత్తంలో ఈ నమ్మకానికీ కొంత వెల ఉన్నది. దాదాపు కొత్త వాహనాల వ్యాపారంలో పరిచయస్థుడైన మధ్యవర్తి ప్రాముఖ్యం ఇక్కడినుండి వచ్చినదే.

కార్ల ధరలపై 1969లో చట్టబద్ధమైన నియంత్రణ వచ్చింది. తయారీదారులు దానిని సవాలు చేయగా, సుప్రీంకోర్టు 1971లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో న్యాయమైన ధరను ఎలా లెక్కకట్టాలో వివరంగా చర్చించింది. ఆ వివాదంలో ఒకవైపు తయారీదారులు, మరొకవైపు ప్రభుత్వం. ఉక్కు ఖర్చు, కూలి ఖర్చు, పెట్టుబడిపై రాబడి అన్నీ లెక్కకు వచ్చాయి. కొనుగోలుదారు బయట నిజంగా చెల్లిస్తున్న ధర ఆ లెక్కలో భాగం కాదు. ఆ డబ్బు తయారీదారుకు చేరలేదు, ఖజానాకూ చేరలేదు. ధరను అదుపుచేసి ప్రభుత్వం వదులుకొన్న మొత్తం మొదటి కేటాయింపుదారునికి బహుమానంగా పోయింది. ఆ మొదటి వరుసలో వ్యవసాయకూలీ లేడని చెప్పడానికి పరిశోధన అక్కరలేదు.

బ్రిటన్ పోలిక

ఇది భారతీయ అవినీతికి ప్రత్యేకమైన లక్షణమన్న భావన తెలుగు వ్యాసాలలో తరచు కనిపిస్తుంది. దానికి బ్రిటన్ మంచి సమాధానం. యుద్ధానంతరం అక్కడ తయారైన కార్లలో అధికభాగం ఎగుమతికి పోయేవి. 1948 లండన్ ప్రదర్శనలో జాగ్వార్ ఎక్స్‌కే 120 స్పోర్ట్స్ కారు సంచలనం కలిగించింది గాని, స్వదేశంలో అది దొరకడం దుర్లభం. అక్కడ ప్రభుత్వ ఉత్తర్వుకు బదులు వర్తకసంఘమే రంగంలోకి దిగింది. కొత్త కారు కొనే ప్రతివారు నిర్ణీత కాలం వరకు దానిని తిరిగి అమ్మబోమని బ్రిటిష్ మోటార్ ట్రేడ్ అసోసియేషన్‌కు ఒడంబడిక వ్రాసి ఇవ్వవలసివచ్చింది. దానిని ఉల్లంఘింపజేసి దాదాపు కొత్త కార్లను సేకరించిన వ్యాపారులపై ఆ సంఘం వేసిన సాల్వడోరి కేసు 1949లో తీర్పుకు వచ్చింది. ఆ గూడుపుఠాణీని వెలికితీయడానికైన దర్యాప్తు ఖర్చును కూడ నష్టంగా న్యాయస్థానం పరిగణించింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ కేసును ఒప్పంద భంగానికి ప్రేరేపించడమన్న శీర్షిక క్రింద చదువుతారు. ఆర్థిక చరిత్రకారులు దానిని కొరత చరిత్రగా కూడ చదవవలసి ఉన్నది.

భారతదేశంలో ఆ కాలాన చెప్పుకోదగ్గ స్పోర్ట్స్ కార్ల తయారీ లేదు. విదేశీ దౌత్యసిబ్బంది తెచ్చుకొన్న కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి వచ్చేవి. అవి వాడినవే అయినా వాటి ధర వేరు లోకానికి చెందినది. కోనసీమలో ఈ కథను నడిపించినది స్కూటరు.

ఏటికి ఇవతల

గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ పాయ చీల్చిన ఈ లంకభూమికి మోటారు వాహనం ఆలస్యంగా చేరింది. కాలువలు, పడవలు, సైకిళ్ళు ఇక్కడి రవాణాకు ఆధారం. కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులోను, సఖినేటిపల్లి–నరసాపురం రేవులోను పంటు మీద దాటడం నిత్యకృత్యం. పెద్ద వర్తకకేంద్రాలైన కాకినాడ, రాజమండ్రి రెండూ గౌతమికి ఆవలనే ఉన్నాయి. యానాం–ఎదుర్లంక వారధి 2002లో గాని తెరుచుకోలేదు.

ఈ భౌగోళిక స్థితి ధరపై చూపిన ప్రభావాన్ని గుర్తించాలి. బుకింగు వ్రాయించుకోవడం, వరుస ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడం, డెలివరీ సమయానికి హాజరుకావడం ప్రతిదీ ఒక ప్రయాణం. పట్టణవాసికి ఉచితంగా దొరికే సమాచారానికి రాజోలు రైతు దినవ్యయం చెల్లించాలి. అటువంటివానికి, బండి ఇంటికి తెచ్చి చూపించే మారుబేరగాడు కోరే అదనపు మొత్తం పూర్తిగా అన్యాయంగా తోచకపోవచ్చు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ఎరిగిన ప్రాంతానికి ఈ తర్కం కొత్తది కాదు. కాయను నెలల తరబడి అటక మీద నిలువచేసి కురిడీగా అమ్మేవాడు నిరీక్షణకే ధర రాబట్టుకొంటాడు. అయితే కురిడీ వ్యాపారి తన నిరీక్షణను తానే భరిస్తాడు, ధర పడిపోతే నష్టాన్నీ భరిస్తాడు. కోటాలో స్కూటరు పొందినవాడు ఏ నిరీక్షణా భరించకుండానే దాని ధరను అందుకొన్నాడు. ఈ భేదాన్ని విస్మరించి రెండింటినీ 'వ్యాపారం' అని సమర్థించడం సరికాదు.

బజాజ్ సంస్థ 1972లో చేతక్ స్కూటరును విడుదల చేసింది. దానికోసం పదేళ్ళవరకు నిరీక్షించినవారున్నారు. అదే దశాబ్దంలో ప్రభుత్వరంగమూ ముందుకు వచ్చింది: లక్నోలో స్కూటర్స్ ఇండియా, హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్. రాష్ట్రంలో తయారైన పుష్పక్ స్కూటరుకు చేతక్‌కున్న గిరాకీ రాలేదు. కొరత బండ్ల లెక్కలో మాత్రమే ఉన్నట్లయితే పుష్పక్ మీదా ఎగువ ధర పలికి ఉండాలి. కొనుగోలుదారు వెదకినది ఊరి మెకానిక్కు విప్పగలిగే ఇంజనును, తిరిగి అమ్మితే డబ్బు వచ్చే బండిని. జాబితా ధర ఈ రెండవ గుణాన్ని లెక్కించలేదు, సంత లెక్కించింది.

విదేశీ మారకపు వరుస

1973 నాటి చమురు సంక్షోభం ఈ చరిత్రలో రెండువైపుల పదునైన కత్తి. పెట్రోలు ధర పెరగడంతో దేశంలో కార్ల గిరాకీ పడిపోయింది. అధిక ధర వస్తువు స్వభావం కాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. అదే చమురు డబ్బు గల్ఫ్ దేశాలలో పనులు సృష్టించింది. కోనసీమ నుండి కువైట్, దుబాయి వంటి చోట్లకు వలసలు సాగాయి. వారిలో ఇళ్ళలో పనిచేయడానికి వెళ్ళిన స్త్రీలు చాలామంది. దళిత, వెనుకబడిన కులాల కుటుంబాలవారు గణనీయంగా ఉన్నారు.

విదేశీ మారకం చెల్లించినవారికి వరుసతో నిమిత్తం లేకుండా స్కూటరు కేటాయించే పద్ధతి ఈ కాలంలో వాడుకలో ఉంది. తరువాత మారుతీ కారుకూ అటువంటి వెసులుబాటు కలిగింది. దీనితో వరుసలో ముందుండే అధికారం మొదటిసారిగా ఉద్యోగ హోదాతోగాని, పలుకుబడితోగాని సంబంధంలేని కుటుంబాలకు దక్కింది. ఆ బండిని ఇంట్లో ఉంచుకోవచ్చు, ఎగువ ధరకు వదులుకోవచ్చు. కోటా లాభాన్ని అందుకొన్న అధికారికీ, కువైట్ వంటింటి నుండి దీనార్లు పంపిన స్త్రీ కుటుంబానికీ చట్టం దృష్టిలో భేదం లేదు. చరిత్ర దృష్టిలో ఉన్నది: రెండవవారు ఆ స్థానాన్ని శ్రమతో కొన్నారు. అయినా మారకం పంపినవారు ఒకరు, బండి నడిపేవారు మరొకరు కావడంచేత ఈ స్త్రీలు వాహనచరిత్రలో కనబడరు.

మారుతీ 1983లో రూ. 10,000 ధరావతుతో బుకింగులు స్వీకరించగా లక్షకు పైగా వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరులో తొలి కార్లు వెలువడిననాటినుండి చేతికందిన కారు జాబితా ధరను మించి పలికింది. స్కూటర్లలో కొత్త పోటీదారులు రావడం, 1991లో లైసెన్సు విధానం సడలడం, 1993లో కార్ల తయారీకీ ఆ సడలింపు వర్తించడం ఈ అంతరాన్ని క్రమంగా మూసివేశాయి. ఏ దాడీ, ఏ శిక్షా చేయలేని పనిని ఉత్పత్తి చేసింది.

అంతటితో అది అంతరించిందనుకోవడమూ పొరపాటే. ఫెరారీ ఎఫ్ 40 వంటి కార్లు 1980ల చివర జాబితా ధరకు కొన్ని రెట్లు పలికి, మాంద్యం రాగానే పడిపోయాయి. అక్కడ కొరతను కోరి సృష్టించినది తయారీదారే. 2021లో చిప్పుల కొరత ఏర్పడినప్పుడు మహీంద్రా ఎక్స్‌యూవీ 700కు మొదటి 25,000 బుకింగులు గంటలోపే ముగిశాయి. ఆ నిరీక్షణ మళ్ళీ దాదాపు కొత్త బండ్లకు ఎగువ ధర తెచ్చింది.

రశీదులో లేని ధర

ఈ విషయంపై పనిచేసే పరిశోధకునికి ఆధారాల స్వభావమే ప్రధాన సమస్య. డీలరు రశీదు, రిజిస్ట్రేషను పత్రం, బీమా కాగితం మూడూ జాబితా ధరనే చెబుతాయి. ప్రభుత్వ గణాంకాలు వాటిపైనే ఆధారపడ్డాయి. కోనసీమ సంపదను గూర్చిన స్థానిక చరిత్రలు వాహనాల సంఖ్యను పేర్కొని తృప్తిచెందడానికి కారణం ఇదే. నిజధర దాగి ఉన్నది ఇంటి లెక్కలలో. కొబ్బరి వర్తకుల చిట్టా, ఆవర్జాలు పన్ను అధికారికి చూపడానికి వ్రాసినవి కావు. వాయిదాల వ్యాపారుల ఖాతాలలో అప్పు మొత్తం బండి జాబితా ధరను మించిన చోట్ల కారణం వెదకవచ్చు. గల్ఫ్ నుండి వచ్చిన ఉత్తరాలలో డ్రాఫ్టు మొత్తంతోపాటు దాని వినియోగమూ వ్రాసి ఉంటుంది. అమలాపురం, మలికిపురం పరిసరాలలోని ఇళ్ళలో అట్టపెట్టెలలో ఉన్న ఈ కాగితాలు ఏ గ్రంథాలయ సూచికకూ ఎక్కలేదు. వరదకూ చెదలకూ మాత్రం అందుబాటులో ఉన్నాయి.