రోళ్లకు కక్కు కొట్టిన చేతులు

మదనపల్లె చరిత్ర రాసేవాళ్లు 1919 దగ్గర కాసేపు ఆగుతారు. ఆ ఏడు టాగూర్ ఇక్కడి బీటీ కళాశాలలో 'జనగణమన'ను ఇంగ్లీషు చేశాడు. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరని ఇంకో పేజీ. పుంగనూరుకు పొట్టి ఆవు, జమీందార్లు. ముసల్మానుల దగ్గరికి వచ్చేసరికి హైదర్ అలీ, టిప్పు, గుర్రంకొండ కోట. నవాబులు తప్ప మాలో ఇంకెవరూ లేనట్టు! మేం నవాబుల వారసులమని మాకే నమ్మబలికి, ఆనక ఆ నేరమూ మామీదే మోపారు.

ఇది రాగిసంగటి సీమ. సంగటికి పిండి, పిండికి ఇసుర్రాయి. తిరిగి తిరిగి రాయి నున్నబడుతుంది. గింజ జారుతుంది, విసిరే ఆడవాళ్ల రెక్కలు పడిపోతాయి. అప్పుడు వీధిలో "రోళ్లకు కక్కు కొడతామమ్మా" అన్న కేక వినపడాలి. భుజాన గోనెసంచి, అందులో సుత్తి, నాలుగైదు ఉలులు. పైరాయి ఎత్తి పక్కన వాల్చి, నడిమి నుంచి అంచు దాకా వరసగా గంట్లు పెట్టేవాడు. లోతుగా కొడితే రాయి పెచ్చులూడుతుంది. పైపైన కొడితే నాలుగు రోజులకే మళ్లీ నున్నన. ఆ కొలత చేతికే తెలుసు. తర్వాత ఒక వాయి తవుడు విసిరి పారబోస్తే రాతిపొడి పోతుంది. కూలి చేటెడు రాగులో, కాసిని చిల్లర డబ్బులో. పెచ్చు ఎగిరి కంట్లో పడితే దానికి కూలి లేదు. పెళ్లింట పసుపు రాసి పూజించే రోటికీ తిరగలికీ గంట్లు పెట్టింది మా సాయిబు ఉలే.

2007లో ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. దాని పట్టికలో 14 సమూహాలు. అందులో ఒకటి తురక కాశ. దాని కిందే కక్కుకొట్టే జింక సాయిబులు, తిరగటి గంట్లవారు, రోళ్లకు కక్కు కొట్టేవారు, పత్తర్ ఫోడులు, చక్కిటకానేవాలే. ఈ చివరి పేరు మా చెవికి 'చక్కీ టాంక్నేవాలే'. ఉర్దూలో టాంక్నా అంటే బట్ట కుట్టడమూ, చక్కీకి గంట్లు పెట్టడమూ. కాగితం మీద అక్షరాలు చెదిరినా పని మాత్రం ఉంది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, 2010లో మధ్యంతర ఉత్తర్వుతో అమలు సాగింది.

అయితే పేరు చట్టానికెక్కేనాటికి పని ఇంట్లోంచి పోయింది. పిండిమరలొచ్చాయి, మిక్సీలొచ్చాయి. రాయి తెలిసిన చేతికి మిగిలింది కుప్పం వైపు గ్రానైటు క్వారీలు. వీధి అరుగు మీద ఉలి దెబ్బకు లేచే దుమ్ము వేరు, క్వారీలో రోజంతా డ్రిల్లు లేపే దుమ్ము వేరు. అది ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అయితే మందు లేదు.

చదువుకున్న పిల్లలకు ఈ పేరు చెప్పుకోవాలంటే సిగ్గు. షేక్ అని రాసుకుని ఊరుకుంటారు. తప్పు వాళ్లది కాదు, రాళ్లు కొట్టేవాడన్న మాటను తిట్టుగా వాడిన ఊరిది. మాకైతే గుర్రంకొండ కోట కంటే ఈ పేరే దగ్గర. పెరట్లో మూలపడ్డ ఇసుర్రాయిని తిప్పి చూడండి. గంట్లు ఇంకా ఉన్నాయి.