చేదు కాయ తీపి కూరైన వైనం

తియ్య గుమ్మడిని మనిషి మొదట కండ కోసం పెంచలేదు. అడవి గుమ్మడి చిన్న కాయ. కుకుర్బిటాసిన్లనే పదార్థాల వల్ల నోట పెట్టలేనంత చేదు. అందులో తినదగ్గది గింజే. ఆ చేదును లెక్కచేయకుండా కాయలు మింగి, గింజల్ని పేడతో దూరాలకు చేర్చినవి మాస్టోడాన్ల లాంటి భారీ జంతువులు. ఫ్లోరిడాలో దొరికిన మాస్టోడాన్ పేడలో గుమ్మడి గింజలు కనిపించాయి. ఆ జంతువులు అంతరించాక అడవి తీగలూ తగ్గిపోయాయి. మనిషి చేరదీసినవి మాత్రం నిలదొక్కుకున్నాయి.

మెక్సికోలోని ఒహాకాలో, గిలా నకిట్జ్ గుహలో దొరికిన సాగు గుమ్మడి గింజల వయసు సుమారు 10,000 ఏళ్లు. మొక్కజొన్న సాగుకన్నా పాత సంగతి! చేదు తగ్గిన కాయ, కండ పట్టిన కాయ ఎక్కడ కనబడితే దాని గింజలే దాచి నాటుతూ పోయారు అక్కడి రైతులు. పేరు మిగలని ఆ మనుషులే దీని అసలు సృష్టికర్తలని నా నమ్మకం. తర్వాత మొక్కజొన్న సాగు వచ్చాక, దాని కర్రకు చిక్కుడు పాకించి, కింద గుమ్మడి తీగ వదిలేవారు. గుమ్మడి వెడల్పాటి ఆకులు నేలలో తేమ నిలిపి, కలుపు లేవనిచ్చేవి కావు.

కొలంబస్ తర్వాత యూరోపియన్ల ఓడలతో ఈ కాయ మన దేశానికీ చేరింది. వడియాలు పెట్టుకునే బూడిద గుమ్మడి ఆసియాదే. దప్పళంలో పడే తియ్య గుమ్మడి మాత్రం అమెరికా నుంచి వచ్చినదే.

గట్టి తొక్క వల్ల నెలల తరబడి నిలవుంటుంది కనుక అమెరికాలో ఇది చలికాలపు కూరగాయ. అక్కడి వంటిళ్లకు చేరువైన బటర్‌నట్ రకాన్ని 1940లలో మసాచుసెట్స్‌లో చార్లెస్ లెగెట్ రూపొందించాడంటారు. గుమ్మడితో చేసే ‘హ్యాష్’ అనే వేపుడుకు వేరే చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన శామ్యూల్ పెపిస్ 1663 నాటి డైరీలో కుందేలు మాంసపు హ్యాష్ ప్రస్తావన ఉంది. తర్వాత అమెరికాలో మిగిలిన మాంసం, బంగాళాదుంపలు తరిగి వేయించే చవక వంటగా అది స్థిరపడింది. మాంసం స్థానంలో గుమ్మడి వేస్తే తేలికైన కూరగాయల హ్యాష్ అవుతుంది.

ఈ హ్యాష్ కోసం గుమ్మడిని అరంగుళం ముక్కలు కోసి, వేడెక్కిన ఇనప పెనం మీద నూనె వేసి ఒకే వరుసలో పరచాలి. అడుగు ఎర్రబడేదాకా కదపకూడదు. మూత పెడితే ఆవిరికి ముద్దయిపోతుంది. తర్వాత ఉల్లి, క్యాప్సికం, గుప్పెడు పాలకూర వేయాలి. ఉప్పు ముందే వేస్తే నీరూరుతుంది, కనుక మిరియాల పొడితో పాటు చివర్లో చల్లాలి. నూనెకు మరీ పిసినారితనం వద్దు. గుమ్మడికి పసుపు రంగునిచ్చే కెరోటిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలి.